ఇరవయ్యో వారం, మూడో శుక్రవారం

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఏడాది శ్రమల దినాలలో ఆ మూడో శుక్రవారం మధ్యాహ్నం మా ఇంటి ముందుగదిలో ఉన్నవాళ్లు వీళ్లు: నన్ను కన్న మా అవ్వ, ఆమె అక్క అంటే మా పెద్దమ్మ సువార్తమ్మ, ఉపవాస కూడికకు వచ్చే స్త్రీలు తొమ్మిది మంది. ఉన్న వస్తువులు: రెండు చాపలు, ఒక డోలక్, ఒక జత తాళాలు, నాలుగు బైబిళ్లు, గోడ గడియారం, మూలన మూతపెట్టిన నీళ్ల బిందె. బిందె నిండుగా ఉంది. ఎండ ముదురుతున్న రోజులు, అయినా పాట చెదరకుండా కిటికీలు మూసుకున్నారు. రెండు చాపల మధ్య నేల మీద, వెల్లకిలా, మెడ దాకా తెల్ల దుప్పటి కింద నా భార్య కరుణ ఉంది. ఆమె కడుపులో ఇరవై వారాల మా బిడ్డ ఉంది. అందరూ పాడుతున్నారు.

నేను సబ్‌స్టేషన్‌లో పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతున్నాను. ఎవరి ముఖంలోనూ భయం లేదు, సహోదరులారా, అది నేను మరిచిపోలేను, మా పెద్దమ్మ కళ్ల నుండి సంతోషంతో నీళ్లు కారుతున్నాయి, ఎందుకంటే కరుణ మోకాళ్ల మీది నుండి లేస్తూ తూలి పడిపోయినప్పుడు పరిశుద్ధాత్మ ఆమెను తాకిందని వాళ్లు నమ్మారు, నమ్మి తిన్నగా పడుకోబెట్టి దుప్పటి కప్పి పాట ఎత్తుకున్నారు. నేను వంగి కరుణ చెయ్యి పట్టుకోబోతే పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టకురా. ఆత్మ పని చేస్తుంది. ఇప్పుడు లేపితే దేవునికి అడ్డం పడ్డట్టయితది."

నాకు వేదిక మీద మాట్లాడడం రాదు, అందుకే రాసుకొచ్చి చదువుతున్నాను. ఉపవాసం వల్ల గర్భం కట్టు విడిపోయిన సంగతి సాక్ష్యం చెప్పమని నన్ను అడిగారు. నేను జరిగింది జరిగిన వరసలో రాశాను. ఈ కాగితాలు నిన్న పాస్టరు అయ్యగారికి చూపించాను. చదివి ఆయన కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి "చదువు" అన్నారు.

మా మొదటి గర్భం మూడో నెలలోనే పోయింది, అది మీలో చాలామందికి తెలుసు. రెండోసారి నిలిచినప్పుడు కరుణ నడిచే తీరే మారిపోయింది, గిన్నె దించినా రెండు చేతులతో మెల్లగా దించేది. ఐదో నెల పడగానే బిడ్డ కదులుతుందని ఊళ్లో అందరూ చెప్పారు, కదలిక కోసం ఆమె మధ్యాహ్నాలు కడుపు మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. ఐదో నెల వచ్చింది. ఆ నెలలో వచ్చేవన్నీ వచ్చాయి. కడుపు బొడ్డు దగ్గరికి ఎదిగింది, బొడ్డు కింద నల్లటి గీత పడింది, పండ్లు తోముకుంటే చిగుళ్ల నుండి రక్తం వచ్చేది, రాత్రి పిక్కలు పట్టేసేవి, కూర్చుని లేస్తే కళ్లు తిరిగేవి. కదలిక ఒక్కటే రాలేదు.

బావి దగ్గర, దుకాణం దగ్గర, చర్చి మెట్ల మీద అందరూ ఒకటే అడిగేవారు, కదిలిందా అని. ప్రేమతోనే అడిగారు, నేను కాదనను. కానీ రోజూ కదలలేదు, కదలలేదు అని చెప్పీ చెప్పీ ఆమె బయటికి రావడమే మానేసింది. అప్పుడు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి, బిడ్డ మీద ఏదో దురాత్మ కట్టు ఉందని, శ్రమల దినాలలో మూడు శుక్రవారాలు మన ఇంట్లోనే ఉపవాస కూడిక పెడదామని, కరుణ కూడా ఉండాలని చెప్పింది. మన ఉపవాసం మీకు తెలిసిందే, ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన మధ్యాహ్నం మూడు గంటల వరకు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం.

మా పెద్దమ్మ చెడ్డది కాదు. అవ్వ కూలికి పోతే నన్ను చంకనేసుకుని పెంచింది, నాకు టైఫాయిడ్ వస్తే జ్వరం దిగేదాకా తను అన్నం ముట్టలేదు. ఆ మూడు శుక్రవారాలూ కరుణ కంటే ఎక్కువ పస్తులు ఆమే ఉంది. అందుకే ఆమెతో వాదించడం కష్టం. నేను వాదించాను. పొట్టతో ఉన్న మనిషిని నీళ్లు లేకుండా ఉంచొద్దన్నాను, నిర్మల్ డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు ఆపొద్దన్నాను, మాత్ర మింగితే ఉపవాసం చెడుతుందని వాళ్లు ఆపించారు. అవయవాలన్నీ చూసే పెద్ద స్కానింగుకు డాక్టరమ్మ ఇచ్చిన తేదీ సరిగ్గా రెండో శుక్రవారం నాడే పడింది. నేను సెలవు పెట్టి జీపు మాట్లాడి ఉంచాను.

"ముందుగాల దేవుని రిపోర్టు రానియ్యిరా," అంది పెద్దమ్మ. "మిషిను రిపోర్టు ఎనుకకైనా వస్తది."

"పెద్దమ్మా, మిషిను కూడా ఉన్నదే చెప్తది గదా."

"కరెంటోనివి. కండ్లకు కనబడని కరెంటును నమ్ముతవ్ గని దేవుణ్ణి నమ్మవారా?"

స్త్రీలందరూ నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. కరుణ నవ్వలేదు, లోపలికి వచ్చి, పోయినసారి అన్ని స్కానింగులూ చేయించుకున్నాం, బిడ్డ నిలిచిందా అని నన్ను అడిగింది.  జీపు వద్దని చెప్పి ఆ రోజు డ్యూటీకి పోయాను.

ఆ రెండో శుక్రవారం ఏం జరిగిందో నాకు ఆసుపత్రిలోనే తెలిసింది. ఆ కూడికలో పాపం ఒప్పుకోమన్నారు. దాచిన పాపం ఏదైనా ఉంటే కట్టు విడవదని, అందరి ముందు చెప్పమని. కరుణ చెప్పింది. చిన్నప్పుడు ఆడిన అబద్ధాలు చెప్పింది, బడిలో తోటి పిల్ల మీద పెట్టుకున్న అసూయ చెప్పింది, ప్రార్థనలో నిద్రపోయానని చెప్పింది. ఇంకా ఉంది, ఇంకా ఉంది అన్నారు. చివరికి ఆమె, అత్తమ్మ చనిపోతే బాగుండునని మనసులో అనుకున్నానని చెప్పింది. అవ్వ అక్కడే, నాలుగు అడుగుల దూరంలో కూర్చుని ఉంది. అందరూ స్తోత్రం అన్నారు. ఆ రోజు నుండి అవ్వ కరుణకు పళ్లెంలో అన్నం వడ్డించింది కానీ పేరు పెట్టి పిలవలేదు. ఆ మాట కూడికలో ఆగలేదు. నేను డ్యూటీ చేసే చోటికి కూడా వచ్చింది, కాకపోతే నా ముందు ఎవరూ అనలేదు.

మళ్లీ ఆ గదికి వస్తాను. నా చెయ్యి విడిపించుకుని కరుణ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా, చెమటతో తడిగా ఉంది. దుప్పటి తీశాను. చీర కుచ్చిళ్ల దగ్గర ఎర్రటి మరక ఉంది, పెద్దది కాదు, అరచేతంత. అప్పుడు పాట ఆగింది. ఆమె ఎంతసేపటి నుండి అలా ఉందని అడిగితే పాటలను బట్టి చెప్పారు, మూడో పాట నడుస్తోందని. మన పాటలు ఎంత పొడుగో మీకు తెలుసు. నీళ్లు పట్టారా అని అడిగితే తొమ్మిది మందీ గడియారం వైపు చూశారు. రెండున్నర.

ఎదురింటి హన్మంతన్న వాకిట్లో జీపులో పసుపు బస్తాలు ఎక్కిస్తున్నాడు. నేను కేక వేశాను, ఏం వేశానో గుర్తులేదు. ఆయన వచ్చి గుమ్మంలో నుండి చూసి, వెనక్కి పరుగెత్తి బస్తాలు కిందికి తోసేశాడు.

"గట్ల నిలవడి సూస్తవేంది తమ్మీ, ఎత్తు," అన్నాడు. "కాళ్ల దిక్కు నేను పడత."

అవ్వ కూడా ఎక్కింది. ఎవరూ ఎక్కమనలేదు. కరుణ తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేరడిగొండ దగ్గర హైవే ఎక్కాం, అక్కడి నుండి ఘాట్ దిగితే నిర్మల్. మలుపు మలుపుకూ జీపు ఒరుగుతోంది, నేను కరుణ మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాను, దొరుకుతుంది, పోతుంది, దొరుకుతుంది. అప్పుడు నేను పైకి ప్రార్థన చేశాను. హన్మంతన్న మెడలో హనుమంతుని లాకెట్టు ఉంటుంది, బండిలో భజన పాట వస్తోంది, నేను ప్రభువా అనగానే ఆయన చెయ్యి చాపి ఆ పాట ఆపేశాడు. నా ప్రార్థన ఇది, నేను మార్చకుండా రాస్తున్నాను:

"ప్రభువా, ఈమెలో వెతికినా నీకు పాపం దొరకదు. దొరకాలంటే నాలో వెతుకు. ఈమె నీ కోసం దాహంతో ఉంది, నీకు దాహం అంటే ఏంటో తెలుసు. బిడ్డ ఉందో లేదో నాకు తెలవదు, నీకు తెలుసు. ఈ నాడి ఆగనియ్యకు. ఇంకేం అడగాలో నాకు వస్తలేదు."

అంతే. ఆమెన్ కూడా అనలేదు. ఘాట్ దిగేసరికి నాడి నా వేలి కింద నిలబడింది, బలంగా కాదు, కానీ పోకుండా. సహోదరులారా, నేను లెక్కలు చదువుకున్నవాణ్ణి, ఒళ్లు కొంచెం పక్కకు ఒరగడం వల్ల, గాలి తగలడం వల్ల అయి ఉంటుందని నాకూ తెలుసు. ఆ ఒంటిని ఒరిగించింది ఎవరు, ఆ గంటలో హన్మంతన్న జీపును మా ఎదుటి వాకిట్లో నిలిపింది ఎవరు? దేవుడు నా ప్రార్థన విన్నాడు. దీని మీద నేను ఎవరితోనూ వాదించను. దేవునికే మహిమ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొట్టమొదట చేసిన పని కరుణను ఎడమ పక్కకు తిప్పడం. అప్పుడే కరుణ కళ్లు తెరిచింది. పొద్దుటి నుండి ఏం తిన్నావమ్మా అని డాక్టరమ్మ అడిగింది.

"ఇంక మూడు కాలే మేడం," అంది కరుణ.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నీళ్లన్నా తాగినవా అని అడిగింది.

"మూడు కాలే."

అప్పటికి ఆసుపత్రి గడియారంలో నాలుగు దాటింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అవ్వ వైపు చూశాను. అవ్వ ఎవరి వైపూ చూడలేదు.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ ఏడుకు కొంచెం తక్కువ వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది మీకు కూడా తెలియాలని రాస్తున్నాను, ఇక్కడ కూర్చున్న ప్రతి మగవాడూ వినాలి. గర్భం సగానికి వచ్చేసరికి తల్లి ఒంట్లో రక్తం చాలా పెరుగుతుంది, కానీ అందులో నీటి భాగం ముందు పెరుగుతుంది, ఎర్ర కణాలు వెనకబడతాయి, అందుకే మాత్రలు. రక్తనాళాలు వదులై బీపీ దిగేది కూడా ఈ వారాలలోనే, అందుకే లేస్తే కళ్లు తిరుగుతాయి, ఖాళీ కడుపుతో మోకాళ్ల మీద ఉండి లేస్తే పడిపోతారు. పడిపోయినవాళ్లను వెల్లకిలా పడుకోబెడితే, బొడ్డు దాకా ఎదిగిన గర్భసంచి వెన్ను పక్కనున్న పెద్ద నాళాన్ని నొక్కుతుంది, గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. మనం దుప్పటి కప్పి మూడు పాటలు పాడింది అలా పడుకోబెట్టి.

తర్వాత స్కానింగు చేశారు. నేను కళ్లు మూసుకున్నాను. డాక్టరమ్మ మాటలు వినిపించాయి.

"కదలకపోవుడేంది? సూడు ఎట్ల ఈదుతుందో. బిడ్డకు రక్తమిచ్చే మాయ ముందటి దిక్కున్నది, అంతే. మెత్త లెక్క అడ్డమున్నది. బిడ్డ లోపట తన్నుతనే ఉన్నది, తల్లికి తెలవడానికి ఇంకో మూడు నాలుగు వారాలు పడ్తది."

కళ్లు తెరిచాను. గుండె కొట్టుకోవడం కనిపించింది, నాలుగు గదులు వేరువేరుగా కనిపించాయి. వెన్నుపూసలు దారానికి గుచ్చిన జొన్నగింజల్లా వరసగా ఉన్నాయి. తల నుండి మడమ దాకా జానెడు దాటి పొడవు. నీళ్లు మింగుతోంది. ఒళ్లంతా సన్నని నూగు, చర్మం నానిపోకుండా తెల్లటి మైనం లాంటి పూత ఉంటుందట, కనుబొమ్మలు వస్తాయట, వేలిముద్రలు పడతాయట, అవి స్కానింగులో కనిపించవు, డాక్టరమ్మ చెప్పింది. చెవులు వినడం మొదలయ్యే వారాలు కూడా ఇవేనట. మా బిడ్డ మొదట విన్నది ఏమిటో నేను ఆలోచించను.

మాయ అంచున చిన్న రక్తపు గడ్డ ఉంది, పడినప్పుడు తగిలిన దెబ్బ. మంచం దిగొద్దన్నారు, రక్తం ఎక్కించారు. ఎక్కించిన రక్తంలో ఒక సీసాకు బదులుగా హన్మంతన్న బ్లడ్ బ్యాంకుకు తన రక్తం ఇచ్చి, బయట టీ తాగి, పసుపు బస్తాలు వాకిట్లో ఎండలో పడి ఉన్నాయని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున అవ్వ బ్రెడ్డు పాలలో ముంచి కరుణ నోటికి అందిస్తోంది. కరుణ ఆ చెయ్యి పట్టుకుని, నేను ఎప్పుడూ అట్ల అనుకోలేదు అత్తమ్మా అంది. అవ్వకు వెంటనే అర్థమైంది. నాకు కాలేదు.

"మరి గట్లెందుకన్నవ్ బిడ్డా?"

"ఇంకేం చెప్పాలె? ఉన్నయన్నీ అయిపోయినయ్. వాళ్లు ఇంక ఉన్నదన్నరు."

"నా సావే దొరికిందా నీకు?"

"పెద్దదేదన్నా చెప్తె ఇడిసిపెడ్తరనుకున్న."

అవ్వ ఆ బ్రెడ్డు ముక్క గిన్నెలో వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆ వార్డు బయటికి వచ్చేశాను. సహోదరులారా, ఆ రోజు నుండి నాలో ఒక చేదు కూర్చుంది, ఈ రోజు కూడా ఉంది, విడుదల సాక్ష్యంలో ఇలా చెప్పకూడదేమో, దేవుడు నా భార్యను విడిపించాడు, నా బిడ్డను విడిపించాడు, నన్ను ఇంకా పూర్తిగా విడిపించలేదు.

ఇంటికి వచ్చాక దాదాపు నాలుగు వారాలకు, ఒక మధ్యాహ్నం మంచంలో ఒరిగి జొన్నరొట్టె తింటూ కరుణ ఒక్కసారి నమలడం ఆపేసింది. అత్తమ్మా, ఇది గ్యాసా, బిడ్డనా అని అడిగింది. అవ్వ వచ్చి చెయ్యి పెట్టి చూసి, గ్యాసు ఒక్క దిక్కే ఇట్ల తన్నదే పిచ్చిదానా అంది. ఆ గదిలో అప్పుడు ప్రార్థన లేదు, పాట లేదు. కానీ దేవుడు ఉన్నాడు, నాకు తెలుసు.

ఈలోగా ఇక్కడ ఏం జరిగింది? పునరుత్థాన ఆదివారం నాడు పెద్దమ్మ ఇదే చోట నిలబడి, మూడో శుక్రవారం ఉపవాసంలో ఆత్మ దిగి వచ్చి బిడ్డ కట్టు తెంపిందని సాక్ష్యం చెప్పింది. మీరందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక వరసలో ఉన్నాను. కరుణ అప్పటికి ఇంట్లో ఎడమ పక్కకు తిరిగి పడుకుని ఉంది. బిడ్డ నెల ముందే పుట్టింది, ఆడపిల్ల, కొన్ని రోజులు గాజుపెట్టెలో ఉంచారు, ఇప్పుడు బాగుంది. బాగుందని తెలియగానే ఉపవాసం ఫలించిందని మళ్లీ అన్నారు. అత్త చావాలని కోరుకున్న కోడలు అన్న మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆ మాట అబద్ధం. మీ దగ్గర నుండి తప్పించుకోవడానికి ఆమె తన మీద తానే వేసుకున్న నింద అది. నేను ఈ బల్ల దగ్గర నిలబడి, అవ్వ వింటుండగా చెప్తున్నాను, ఇక మీదట ఆ మాట అనేవాళ్లు నాతో అనండి.

కరుణ ఈ రోజు రాలేదు. ఇంట్లో ప్రార్థన చేసుకుంటుంది, ఇక్కడికి రానంటుంది. నేను బలవంతం చేయలేదు. మూడు పాటలు తన చెవుల్లో ఇంకా ఉన్నాయని, అవి మంచి పాటలని, తనకు ఇష్టమైన పాటలని చెప్పింది.

పెద్దమ్మా, నువ్వు ముందు వరసలోనే ఉన్నావు. నువ్వు నా మీద ప్రేమతోనే చేశావు, నేను ఆ ప్రేమను కాదనడం లేదు. నిన్ను క్షమించానని చెప్పమని అయ్యగారు అన్నారు. ప్రయత్నిస్తున్నాను అని రాశాను, అంతకంటే ఎక్కువ రాస్తే అబద్ధమవుతుంది. నువ్వు మా ఇంటికి రా. బిడ్డను ఎత్తుకో. కరుణతో దేవుని మాట తర్వాత మాట్లాడు, ముందు ఆమె మాట విను.

సంఘమా, నేను దేవుణ్ణి నమ్మొద్దని చెప్పడానికి నిలబడలేదు. నమ్మండి. ఘాట్ మలుపులో నా వేలి కింద నిలబడిన ఆ నాడిని నేను నమ్ముతున్నాను, కడుపులో మనల్ని దాచి అల్లినవాణ్ణి నేను నమ్ముతున్నాను. చనిపోయిన పన్నెండేళ్ల చిన్నదాన్ని చెయ్యి పట్టుకుని లేపి, ఆమెకు తినడానికి ఏదైనా పెట్టండని చెప్పిన ప్రభువును నమ్ముతున్నాను. ఆ ఇంట్లో అందరూ ఆశ్చర్యపడుతూ నిలబడితే ఆకలి గుర్తొచ్చింది ఆయన ఒక్కడికే. ఆయనను నమ్మండి. కడుపుతో ఉన్న మనిషి పక్కన మీరు ఉపవాసం ఉండండి, ఆమె కోసం మీరు పస్తులుండండి, ఆమె పళ్లెం మాత్రం నింపండి. మాత్రలు వేసుకోనివ్వండి. తేదీ నాటికి స్కానింగుకు తీసుకుపోండి, శుక్రవారమైనా సరే. బిడ్డ కదిలిందా అని అడగకండి. పడిపోతే పాట ఆపండి, ఎడమ పక్కకు తిప్పండి, బండి పిలవండి.

నా కుటుంబం బతికి ఉంది. దీనికి మన ఉపవాసానికి, మన కూడికకు, మన పాటకు ఏ మహిమా లేదు. మహిమ అంతా దేవునిదే. వచ్చే శుక్రవారం నుండి శ్రమల దినాల ఉపవాస కూడికలు మళ్లీ మొదలవుతాయి. ఈ రోజు మన సంఘంలో గర్భిణులు నలుగురు.